చట్టములో నున్న రేవు

నెల్లూరుమండలపు దక్షిణభాగమున, పులికాటు సరస్సునకు ఎగువగా, వాకాడు ప్రాంతమందు సముద్రపుటొడ్డున దుగరాజపట్టణమను పల్లె యొకటి కలదు. 2022 నందు జిల్లాలను పునర్విభజించినపుడు దీనిని తిరుపతి జిల్లాలో చేర్చిరి గాని, తీరవాసుల మాటలో ఇది నేటికిని నెల్లూరు తీరమే. పేరునకు పట్టణము, చూపునకు పల్లె. 1626 ప్రాంతమున ఆంగ్లేయ వర్తకసంఘమువారు ఇచ్చట కోట యొకటి కట్టి, ఫిరంగులు నిలిపి, వస్త్రవ్యాపారమునకు కొఠారు పెట్టుకొనిరి. నావికుల పటములలో అర్మగాను అను పేర కనబడు స్థలమిదియే. బేరము కలసిరానందున 1639-40 సంవత్సరములలో ఇచ్చటి యధికారియైన ఫ్రాన్సిస్ డే మూట ముల్లె సర్దుకొని దక్షిణముగా చెన్నపట్టణపు టిసుకతిన్నెలకు తరలిపోయెను. తరువాతి కథ పాఠకు లెఱిగినదే. ఆ తరలిపోవుట జరుగనిచో చెన్నపట్టణ మెచ్చట నుండెడిదో, నెల్లూరు ఎట్లుండెడిదో యని ఈ ప్రాంతపు వృద్ధులు వినోదమునకు చర్చించుకొనుట కలదు.

రేవు కట్టెదమని ఈ పల్లెకు రెండవమారు వచ్చినది భారత ప్రభుత్వము. 2013 ఫిబ్రవరి 28వ తేదీన ఆర్థికమంత్రి చిదంబరముగారు ఆదాయవ్యయపట్టికను సమర్పించుచు, వంగదేశమున సాగరద్వీపమునందొకటియు, ఆంధ్రప్రదేశమునం దొకటియు రెండు పెద్దరేవులు నిర్మింతుమని పలికిరి. ఆ సంవత్సరమే ఆంధ్రతీరపు రేవునకు దుగరాజపట్టణము నిర్ణయమైనది. మఱుసటి యేట రాష్ట్రవిభజన జరిగినది. ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ చట్టము, 2014, పదమూడవ షెడ్యూలునందు ఈ రేవునకు స్థానము దొరకినది. దుగరాజపట్టణమున భారత ప్రభుత్వము క్రొత్త పెద్దరేవును అభివృద్ధి చేయవలెననియు, దశలవారీగా పూర్తిచేయుచు మొదటిదశను 2018 సంవత్సరాంతమునకు ముగింపవలెననియు అం దున్నది. అదే చట్టపు 93వ సెక్షను, షెడ్యూలునందలి చర్యలన్నిటిని నియమితదినము మొదలు పదిసంవత్సరములలో గైకొనవలెనని కేంద్రమునకు విధించినది. నియమితదినము 2014 జూను 2. 2018 గడచినది. 2024 జూను 2వ తేదీయు గడచినది. దుగరాజపట్టణమున అలలు వచ్చుచున్నవి, పోవుచున్నవి. ఓడలు మాత్రము వచ్చుట లేదు.

ఈ షెడ్యూలు నొక్కసారి శ్రద్ధగా చదువుడని పాఠకమహాశయులను కోరుచున్నాము. కడప జిల్లా ఉక్కుకర్మాగారము విషయమున చట్టము చెప్పినదేమి? ఆఱుమాసములలో సాధ్యాసాధ్యములను పరిశీలింపవలెనని. చమురుశుద్ధి కర్మాగారము విషయమునను పరిశీలన మాటయే. రేవు విషయమున నట్లు కాదు. పరిశీలింపవలెనని గాక, అభివృద్ధి చేయవలెనని యున్నది. గడువును గూడ నిచ్చినది. భూమి కొనునపుడు, కౌలు వ్రాయించునపుడు ఒక్క మాట అటునిటైనచో ఎంత వ్యవహారము నడచునో మన రైతులకు చెప్పవలసిన పనిలేదు. పరిశీలింతునన్నవాడు పరిశీలించి కుదరదని చెప్పవచ్చును. చేసెదనని కాగితము వ్రాసి, గడువు పెట్టి, సంతకము చేసినవాడు గడువు దాటిన పిదప గిట్టుబాటు కాదనిన, మునసబు కోర్టులో నేమి జరుగును? దేశపు మహాసభ చేసిన చట్టమునకు గ్రామపు కౌలుకాగితమునకున్న పాటి బలమైన నుండవలదా?

కేంద్రము చెప్పిన సమాధానము పార్లమెంటు ప్రశ్నోత్తరములలో పలుమార్లు వచ్చినది. రేవు ఆర్థికముగా గిట్టదు. మఱియొక స్థలమును రాష్ట్రమే సూచింపవలెను. ఇదియే దాని సారాంశము. న్యాయముగా మాటాడవలెనన్న, ఆ కారణములలో బలము లేకపోలేదు. పల్లెకు దక్షిణమున శ్రీహరికోట యున్నది. 1971 అక్టోబరునుండి అచ్చట రాకెట్లు పైకి లేచుచున్నవి. ఓడలు వచ్చిపోవు పెద్దరేవు దానిచెంత నుండుట క్షేమము కాదను మాట అంతరిక్షశాఖనుండి వచ్చినది. ప్రక్కనే పులికాటు సరస్సు. అది పక్షుల రక్షితస్థానము. ఉత్తరమున కృష్ణపట్టణము రేవు 2008 నుండి నడచుచున్నది. దక్షిణమున ఎన్నూరు, చెన్నపట్టణము రేవు లున్నవి. ఇన్ని రేవుల నడుమ నింకొక రేవునకు సరకెక్కడిదని లెక్కగాండ్రు అడుగుట సహజమే.

కాని మా ప్రశ్న వేఱు. శ్రీహరికోట 2014 తరువాత వెలసినదా? పులికాటు సరస్సు నిన్న తవ్వినదా? కృష్ణపట్టణము చట్టము చేసిన పిదప పుట్టినదా? ఈ యడ్డంకు లన్నియు చట్టము వ్రాసిననాడే కన్నులెదుట నుండెను. నాడు రేవు కట్టెదమని వ్రాసినవారు ఇవి యెఱుగక వ్రాసిరా, ఎఱిగియు వ్రాసిరా? ఎఱుగక వ్రాసినచో అజాగ్రత్త. ఎఱిగి వ్రాసినచో దానికి మఱియొక పేరున్నది. ఆ పేరు పాఠకులే పెట్టుకొందురు గాక.

ఆ చట్టమెట్లు సాగినదో జ్ఞాపకము చేసికొనుట యవసరము. 2014 ఫిబ్రవరి 13వ తేదీన బిల్లును లోకసభలో ప్రవేశపెట్టినపుడు సభలో మిరియపు ద్రావకము చల్లబడి, సభ్యులు కన్నులు నులుముకొనుచు వెలికి వచ్చిరి. 18వ తేదీన ప్రత్యక్షప్రసార మాగిపోయియుండగా, కేకల నడుమ మూజువాణి వోటుతో బిల్లు నెగ్గెను. రెండుదినములకు రాజ్యసభయు నంగీకరించినది. విభజన కావలెనన్నవారికి విభజనయే ముఖ్యము. కూడదన్నవారికి దానిని ఆపుటయే ముఖ్యము. షెడ్యూలులోని యొక్కొక్క పద్దునకు ఖర్చెంత, ధన మెచ్చటినుండి వచ్చును, అడ్డంకు లేమి యని అడుగుటకు ఆ వేడిలో తీరిక యెవ్వరికి? పెండ్లిలో కట్నపుజాబితా చదువునపుడు మేళము గట్టిగా వాయించినట్లైనది.

చట్టము చేయునపుడు విచారణ లేకపోయినను, ఏటేట ధనము మంజూరు చేయునపుడైనను విచారింపవచ్చును గదా. ఆదాయవ్యయపట్టిక సభకు వచ్చునపుడు ప్రతి శాఖ పద్దును సభ్యులు చర్చించి, కావలసినచో కోతకోరి, పిదప వోటు చేయవలెను. రాజ్యాంగము సభ కిచ్చిన మహాధికార మిదియే. సభ యనుమతి లేక ఖజానానుండి ఒక్క రూపాయయు తీయరాదు. ఇక 2018 నందు జరిగినది చూడుడు. దుగరాజపట్టణపు మొదటిదశ ముగియవలసిన సంవత్సర మది. మార్చి నెలలో ఆంధ్రదేశపు సభ్యులు ప్రత్యేకహోదా కొఱకును, విభజనచట్టపు హామీల కొఱకును లోకసభ నడుమ నిలిచి నినాదములు చేయుచుండిరి. ఇతరులు బ్యాంకుమోసములను గూర్చి చేయుచుండిరి. ఆ రభసలోనే, మార్చి 14వ తేదీన, 99 శాఖల, విభాగముల పద్దులన్నియు చర్చ లేకయే, గిల్లటీను పద్ధతిని, దాదాపు అరగంటలో మంజూరైనవి. రేవు ఏమైనదని అడుగుటకు ఏ యధికారము సభ్యుల చేతిలో నుండెనో, ఆ యధికారము వారి కేకలలోనే కొట్టుకొనిపోయినది. నినాదములు చేసినవారి యాగ్రహము న్యాయమైనదే. ఆ యాగ్రహమును పద్దు చర్చలో నుంచి, ఓడరేవులశాఖ మంత్రిని నిలదీసి, లెక్క చెప్పించియుండినచో నేమగునో మనకు తెలియదు. అట్లు చేయలేదని మాత్రము తెలియును.

ఇంకను చిత్రమేమన, ఏప్రిలు 6వ తేదీన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున కైదుగురు సభ్యులు హోదా కొఱకు రాజీనామా లిచ్చిరి. వారిలో నెల్లూరు సభ్యులు మేకపాటి రాజమోహనరెడ్డిగారు ఒకరు. గూడూరు, సూళ్లూరుపేట, సర్వేపల్లి ప్రాంతములు చేరియున్న తిరుపతి నియోజకవర్గపు సభ్యులు వరప్రసాదరావుగారు మఱియొకరు. జూను నెలలో రాజీనామా లంగీకరింపబడినవి. సభ గడువు ఏడాదికన్న తక్కువగా నున్నందున ఉపఎన్నికలు జరుగలేదు. కనుక, ఏ సంవత్సరాంతమునకు రేవు సిద్ధము కావలెనో ఆ సంవత్సరపు రెండవభాగమున, కావలినుండి సూళ్లూరుపేటవరకు గల తీరమంతటికి లోకసభలో నోరు లేకపోయినది. పదవిని వదలుకొనుట తేలికపని కాదు. వారి త్యాగమును మేము చిన్నచేయము. అయినను, బాకీ గడువు ముగియుదినమున బాకీదారు ఇంట నుండగా అప్పిచ్చినవాడే ఊరు విడిచిపోయినట్లైనదని చెప్పక తప్పదు.

ప్రజాపద్దుల సంఘమేమి చేయుచున్నదని పాఠకు లడుగవచ్చును. ఈ సంఘము విషయము కొంచెము వివరించుట అవసరము. పేరు వినినవారు పెక్కురు గాని, పని యెఱిగినవారు కొలదిమంది. ఇంగ్లండున 1861 నందు గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా నున్నపుడు ఇట్టి సంఘము మొదట నేర్పడినది. సభ మంజూరు చేసిన ధనము సభ చెప్పిన పనికే ఖర్చైనదా యని, ఖర్చైన పిదప విచారించుట దాని పని. మనదేశమున మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలవలన 1921 నందు ఏర్పడినది. ఆనాటి సంఘమునకు అధ్యక్షుడెవ్వరు? ప్రభుత్వపు ఆర్థికసభ్యుడే! ఖర్చు పెట్టువాడే లెక్క విచారించువాడు. సైన్యవ్యయముపై సభకు వోటు లేదు. సభ త్రోసివేసిన పద్దును గవర్నరు జనరలు మరల చేర్చుకొనవచ్చును. లెక్క అడుగు హక్కు లేని సభ సభ కాదని మన పెద్దలు నాడు పోరాడిరి. స్వాతంత్ర్యోద్యమమున ఉప్పు, విదేశవస్త్రము అందఱకు జ్ఞాపకమున్నవి గాని, పద్దులపై వోటుకొఱకు సాగిన పోరు అంతగా జ్ఞాపకము లేదు. 1950 నందు సంఘము స్పీకరు ఛత్రచ్ఛాయకు వచ్చినది. 1967 నుండి ప్రతిపక్షసభ్యుడు అధ్యక్షుడగుట ఆచారమైనది. లోకసభనుండి 15 మంది, రాజ్యసభనుండి 7గురు సభ్యులు. మంత్రి యైనవాడు సభ్యుడు కారాదు. ఆడిటరు జనరలు నివేదికలు ఈ సంఘమునకు కన్నులు.

ఆ కన్నులకు దుగరాజపట్టణము కనబడదు. కారణము సులభము. ఖర్చైన ధనమునకే లెక్క కలదు. కట్టని రేవునకు ఖర్చు లేదు. ఖర్చు లేనిచో పద్దు లేదు. పద్దు లేనిచో తనిఖీకి వచ్చునదేమి? ధనము దుర్వ్యయమైనచో పట్టుకొనుటకు మార్గమున్నది గాని, చట్టము చెప్పిన పని చేయకయే యూరకుండినచో పట్టుకొనుటకు మార్గము మిక్కిలి సన్నము. ప్రభుత్వహామీల సంఘమొకటి లోకసభకు 1953 నుండి కలదు. అది మంత్రులు సభలో నోటితో నిచ్చిన మాటలను వెంబడించును. మంత్రి ఆలోచింతునన్న మాటను వెంబడించు సంఘ మున్నది. పార్లమెంటే షెడ్యూలులో వ్రాసిన మాటను ఏటేట వెంబడించుటకు ప్రత్యేకముగా నియమింపబడిన సంఘము లేదు! ఈ లోపమును పూరింపవలెనని ఆంధ్రసభ్యు లొక్కపక్షముగా నిలిచి కోరియుండవలసినది.

కేంద్రమును విమర్శించినంత సులభముగా మన యిల్లు చూచుకొనము. పెన్నపై సంగమువద్ద ఆంగ్లేయప్రభుత్వము 1880ల దశాబ్దమున ఆనకట్ట కట్టినది. నెల్లూరువద్ద ఆనకట్ట అంతకు ముందే 1850లలో వచ్చినది. ఆ శిథిలమైన కట్టల బదులు క్రొత్త బ్యారేజీలు కట్టవలెనని సంగమున 2006 నందును, నెల్లూరున 2008 నందును శంకుస్థాపన జరిగినది. రెండును 2022 సెప్టెంబరు 6వ తేదీన, ఒక్క దినమే, ప్రారంభమైనవి. సంగము బ్యారేజీకి పదునాఱేండ్లు పట్టినది. ఆ కాలమున ఐదుగురు ముఖ్యమంత్రులు మాఱిరి. దాని క్రింద 3.85 లక్షల ఎకరముల ఆయకట్టు. మొలగొలుకులు పండించు రైతు ఈ పదునాఱేండ్లును పాత కట్టపై ఇసుకబస్తాలు వేసికొని, వరదవచ్చినచో కొట్టుకొనిపోవునేమో యని జాగారము చేసెను. రెండు బ్యారేజీలు పూర్తియైనందుకు మేమును సంతోషించితిమి. కాని పదునాఱేండ్లు ఎందుకు పట్టెనని, ఆలస్యమువలన అంచనా లెంత పెరిగెనని శాసనసభలో ఒక్కపూట పూర్తి చర్చ జరిగియుండినచో మఱింత సంతోషించెడివారము.

ఆలస్యమున కొక సాధన మున్నది. దాని పేరు ఈ.పీ.సీ. ఒప్పందము. జలయజ్ఞము 2004 నందు మొదలైన పిమ్మట పెద్దపనులు పెక్కులు ఈ పద్ధతిని అప్పగింపబడినవి. సర్వే, నమూనా, నిర్మాణము అన్నియు గుత్తేదారువే. ధర యొక్కటే, మాఱదు. ఇదియే దాని గొప్పదనమని నాడు చెప్పిరి. జలయజ్ఞముపై ఆడిటరు జనరలు వ్రాసిన నివేదికలో, భూసేకరణ, అటవీ యనుమతులు రాకముందే పనులు అప్పగించుటను తప్పుపట్టిరి. ధర మాఱదన్న మాటయు నిలువలేదు. 2015 ఫిబ్రవరిలో వెలువడిన 22వ నెంబరు జీ.ఓ. మాఱని ధరను మాఱునట్లు చేసినది. గుత్తేదారులకు సామగ్రి, కూలి ధరల పెరుగుదల చెల్లింపవచ్చునని దాని భావము. పని నిలిచిపోవుటకన్న ధర పెంచుట మేలని ప్రభుత్వము వాదించినది. అందు కొంత నిజముండవచ్చును. మా యింటి గోడ కట్టు మేస్త్రీ ఒప్పుకున్న కూలి చాలదని నడుమ నిలిచినపుడు మేమును కొంత పెంచి యిచ్చితిమి. కాని ఇంటి యజమానురాలు అడుగక యూరకుండెనా? రాష్ట్రమునకు ఇంటి యజమానురాలు శాసనసభ. ఒప్పందపు మూలసూత్రమే మాఱినపుడు ముందుగా సభ నడుగవలసినది గదా. జీ.ఓ. వెలువడినది, చెల్లింపులు నడచినవి.

అడుగకపోవుటవలన నష్టము ధనమొక్కటే కాదు. 2021 నవంబరు 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. క్రింది పల్లెలు నిద్రలో నుండగా నీరు మీదపడి ప్రాణములు పోయినవి. ఆ చెయ్యేరు పెన్నలో కలియును. మఱుసటిదినమునకే నెల్లూరు మునిగినది, పడుగుపాడువద్ద రైలుదారి కొట్టుకొనిపోయినది, కోవూరుచెంత చెన్నపట్టణపు రాజమార్గము తెగినది. కొన్నిదినములకు ఆనకట్టల భద్రత బిల్లు చర్చలో కేంద్ర జలశక్తిమంత్రి షెకావత్‌గారు రాజ్యసభలో, జలాశయపు ఐదు గేటులలో ఒకటి పనిచేయలేదని చెప్పిరి. కనీవినియెఱుగని వరదయే కారణమని రాష్ట్రప్రభుత్వము వాదించినది. వరద పెద్దదే. గేటు మరమ్మతు మాత్రము చిన్నపద్దు. లక్షలకోట్ల పట్టికలో కంటి కగపడనంత చిన్నపద్దు. చెరువుకట్టకు గండిపడక మునుపే కుడిమరామత్తు చేసికొను ఊరిపెద్దలకు తెలిసిన జాగ్రత్త, ఇంతటి జలవనరుల శాఖకు తెలియకపోవునా? తెలిసియు జరుగనపుడు, ఎందుకు జరుగలేదని అడుగువా డొకడుండవలెను. రాష్ట్రమున ఆ యడుగువాడు ప్రజాపద్దుల సంఘమే.

ఆ సంఘపు టధ్యక్షపీఠము చరిత్ర గడచిన పదేండ్లలో నాటకమువలె నడచినది. విభజన పిదప మొదటి యధ్యక్షులు భూమా నాగిరెడ్డిగారు. ప్రతిపక్షము తరపున ఆ పీఠమెక్కి, 2016 నందు పాలకపక్షమున చేరిరి. పిమ్మట బుగ్గన రాజేంద్రనాథరెడ్డిగారు వచ్చిరి. 2019 నందు ప్రభుత్వము మాఱగా వారే ఆర్థికమంత్రి యైరి. పిమ్మట పయ్యావుల కేశవగారు. వీరు 2021 జూలైలో, దాదాపు 41 వేలకోట్ల రూపాయల చెల్లింపులకు సరియైన లెక్కపత్రములు లేవని గవర్నరునకు ఫిర్యాదు చేసిరి. అది లెక్కవ్రాయు యంత్రవిధానమున కలిగిన చిక్కే గాని ధనము పోలేదని ప్రభుత్వము బదులుచెప్పినది. 2024 జూనులో కేశవగారే ఆర్థికమంత్రి యైరి. అడిగినవారే వరుసగా రెండుమార్లు జవాబు చెప్పవలసినవారైరి! ఇందు వ్యక్తుల దోషమేమియు లేదు. ప్రజాతీర్పువలన పాత్రలు మాఱినవి. లెక్కల లొసుగు లెఱిగినవాడు ఖజానాకు కావలి యగుట ఒకవిధమున మేలే. కాని తాము అధ్యక్షులుగా నుండగా అడిగిన ప్రశ్నలకు తాము మంత్రులైన పిదప సభలో వ్రాతమూలకముగా సమాధానమిచ్చియుండినచో దేశమంతటికి ఆదర్శమగును. అట్టి యాచారము నెలకొల్పుటకు ఇప్పటికిని వేళ మించలేదు.

2024 నవంబరున సంఘమునకు ఎన్నిక జరిగినది. 175 మంది సభలో ప్రతిపక్షమునకు 11 మందియే యున్నందున ఒక్కస్థానమైన గెలుచు బలము లేకపోయినది. వారు పోలింగును బహిష్కరించిరి. పాలకకూటమిలోని జనసేనపక్షపు సభ్యులు పులపర్తి రామాంజనేయులుగారు అధ్యక్షులైరి. నియమము ననుసరించియే జరిగినది, తప్పుపట్టలేము. అయినను 1921 నాటి ఆర్థికసభ్యుని యధ్యక్షత మాకు జ్ఞాపకము వచ్చినది. లెక్కింపున ఓట్లు చాలనప్పుడు ఔదార్యముచేత నొకస్థానము విడుచుట పాలకపక్షమునకు నష్టము కాదు. బహిష్కారముచేత ఉన్న ప్రశ్నను విడుచుట ప్రతిపక్షమునకు లాభము కాదు. ఇరుపక్షములును దీనిని విననట్లు నటించునని మే మెఱుగుదుము.

నెల్లూరునకు ఆర్థికమంత్రుల కొదువ యెన్నడును లేదు. బెజవాడ గోపాలరెడ్డిగారు మదరాసు రాష్ట్రమున ఆ శాఖను నిర్వహించిరి. ఆనం రామనారాయణరెడ్డిగారు ఉమ్మడిరాష్ట్రపు తుదిదినములలో ఆ బాధ్యత వహించిరి. దుగరాజపట్టణమునకు పొరుగునున్న వాకాడు నేదురుమల్లి జనార్దనరెడ్డిగారి యూరు. వారు ముఖ్యమంత్రియే యైరి. ఇంతమంది ఖజానాతాళము పట్టిన జిల్లాలో, ఖజానాలెక్క చదువగల పౌరు లెందఱని మమ్మెవరైన ప్రశ్నించినచో మేము తల వంచుకొనవలసియుండును.

దుగరాజపట్టణమునకు బదులుగా రామాయపట్టణమను మాట వచ్చినది. 2019 జనవరిలో చంద్రబాబునాయుడుగారు అచ్చట శంకుస్థాపన చేసిరి. 2022 జూలై 20వ తేదీన జగన్మోహనరెడ్డిగారు మరల చేసిరి. రేవొకటి, శంకుస్థాపనలు రెండు. మొదటిదశకు రూ. 3,736 కోట్లని ప్రకటించిరి. ఇది కేంద్రపు పెద్దరేవు కాదు. రాష్ట్రపు మారిటైం బోర్డు పని. చట్టము కేంద్రముపై నుంచిన భారము రాష్ట్రము నెత్తికి వచ్చినదన్నమాట. ఇట్టి బోర్డులు, కార్పొరేషనులు ప్రభుత్వహామీతో తెచ్చు అప్పులు ఆదాయవ్యయపట్టికలో కనబడవు; తీర్చవలసి వచ్చినపుడు మాత్రము ఖజానామీద పడును. తండ్రి పూచీతో కొడుకు చేసిన అప్పు ఇంటిలెక్కలో వ్రాయకపోయినంత మాత్రమున అప్పు కాకపోవునా? ఆడిటరు జనరలు ఈ విషయమును పెక్కు నివేదికలలో చెప్పిరి. మంజూరుకు మించి ఖర్చైన ధనమును సభముందుంచి క్రమబద్ధము చేయింపక ఏండ్లతరబడి నిలిపియుంచిరనియు చెప్పిరి. ఆ నివేదికలు చాలమాఱు సమావేశముల తుదిదినమున, సభ్యులు పెట్టెలు సర్దుకొనువేళ, సభ బల్లపైకి వచ్చును. చదువునదెప్పుడు, అడుగునదెప్పుడు?

ఇతర దేశములలో అంతయు సవ్యముగా నున్నదని మేము చెప్పము. ప్రజాపద్దుల సంఘమునకు పుట్టినిల్లైన బ్రిటనులోనే లండనునుండి ఉత్తరమునకు వేయదలచిన అతివేగపు రైలుదారి ఖర్చు అంచనాలు దాటి పెరిగిపోయి, 2023 అక్టోబరులో ఉత్తరభాగమును మానుకొనిరి. కాని అచ్చటి సంఘము సంవత్సరముల తరబడి అధికారులను పిలిచి, బహిరంగముగా ప్రశ్నించి, ఖర్చు ఎట్లు పెరుగుచున్నదో జనులకు తెలియజేసినది. మానుకొన్ననాడు ప్రధానమంత్రి స్వయముగా మానుకొంటిమని ప్రకటించెను. దుగరాజపట్టణమును మానుకొంటిమని మన ప్రధానులెవరైన పార్లమెంటునకు వచ్చి, షెడ్యూలును సవరించి, కారణము చెప్పిరా? చట్టమున ఆ వాక్య మట్లే యున్నది.

2025 నందు దుగరాజపట్టణమున నౌకానిర్మాణ కేంద్రమొకటి నెలకొల్పవలెనను ప్రతిపాదన బయలుదేరినది. ఆ పల్లెవారు మూడవమారు ఆశపడుచున్నారు. భూమిగలవారు అమ్మవలెనా, ఉంచుకొనవలెనా యని తేల్చుకొనలేక యున్నారు. వలవేయువారు ఒడ్డు తమకు మిగులునా యని అడుగుచున్నారు. మేము ఆ ప్రతిపాదనకు విరోధులము కాము. ఈ పర్యాయము రాయి నాటకముందే మన శాసనసభ్యులును, పార్లమెంటుసభ్యులును కొన్ని సంగతులు సభలో అడిగి, సమాధానమును వ్రాతమూలకముగా తీసికొనవలెనని కోరుచున్నాము. శ్రీహరికోటవారి సమ్మతి ముందుగా తీసికొనిరా? పులికాటు పక్షులరక్షణను గూర్చి ఏమి తేల్చిరి? 2014 నాటికి గిట్టుబాటని తోచి, చట్టమైన పిదప గిట్టని పని నేడెట్లు గిట్టును? ధనము పట్టికలో నుండునా, పూచీమీద తెచ్చు అప్పులో నుండునా? భూములు తీసికొన్న పిదప పని నిలిచినచో ఆ భూము లెవరివి? పదమూడవ షెడ్యూలులోని రేవు వాక్యమును కొట్టివేయుదురా, నిలుపుదురా? ఈ సమాధానములు వచ్చిననాడు వానిని యథాతథముగా ప్రచురించుటకు మా పత్రికలో స్థల ముంచుచున్నాము.